నేను ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌ని

నా కొసన చిన్న స్ఫటికపు బిళ్ల ఉంటుంది. నా ప్రాణమంతా దాంట్లోనే. అది లాంథనం ఫ్లోరైడ్. అందులో రవ్వంత యూరోపియం కలపడం వల్ల లోపల అక్కడక్కడా ఖాళీలు ఏర్పడ్డాయి. ఫ్లోరైడ్ అయాన్లు ఆ ఖాళీల గుండా కదులుతాయి, క్లోరైడ్‌కి, నైట్రేట్‌కి ఆ దారి లేదు. 1966లో అమెరికాలో ఫ్రాంట్, రాస్ నా జాతిని లోకానికి పరిచయం చేశారు.

నా కడుపులో గాఢత తెలిసిన ఫ్లోరైడ్ ద్రావణం, బయట గాఢత తెలియని నీళ్లు, నడుమ స్ఫటికం. రెండు పక్కలా ఒకే అయాన్, గాఢతలే వేరు. ఇలాంటి అమరికను గాఢతా ఘటం అంటారు, నేనూ అదే. 25 డిగ్రీల వద్ద బయటి గాఢత పదింతలైతే నా రీడింగు 59 మిల్లీవోల్టులు తగ్గుతుంది. 1889లో నెర్న్‌స్ట్ చెప్పిన సూత్రమే నాకు ఆధారం.

నిర్మల్ జిల్లాలో నీళ్లు పరీక్షించే ఒక గదిలో నా కొలువు. ఖానాపూర్ దిక్కు నుంచి ఒక పెద్దాయన సీసాలో బోరు నీళ్లు తెచ్చాడు. అటు గోదావరి ఉంది, సదర్మాట్ కాలువ ఉంది. కానీ కాలువ ఎక్కని చోట రాతిపొరల్లోంచి తోడిన నీళ్లే దిక్కు. ఆ రాతిలోని ఖనిజాల నుంచే ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది.

"తియ్యగనే ఉంటయి బిడ్డా, మంచియే గదా?" అన్నాడాయన.

"రుచిల తెల్వది తాతా, చూసి చెప్త" అంది పరీక్ష చేసే మేడం.

ప్లాస్టిక్ బీకరులో నీళ్లు పోసి, అంతే కొలత బఫర్ కలిపింది. ఇనుము, అల్యూమినియం పట్టేసుకున్న ఫ్లోరైడ్‌ని ఆ బఫర్ విడిపిస్తుంది. నన్ను ముంచి, బిళ్ల కింద గాలిబుడగ లేకుండా కొద్దిగా వాల్చింది. ఆ బుడగ ఒక్కటి ఉంటే నా మాటకు విలువ ఉండదు. ఎండాకాలం నీళ్లు వేడెక్కినా లెక్క మారుతుంది, 40 డిగ్రీల వద్ద ఆ 59 కాస్తా 62 అవుతుంది. అందుకే గాఢత ముందే తెలిసిన ప్రమాణ ద్రావణాన్నీ తాత నీళ్లనూ ఒకే వేడికి తెచ్చాకే కొలుస్తుంది.

లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉన్న ప్రమాణ ద్రావణంలో 100 మిల్లీవోల్టులు చూపాను. తాత నీళ్లలో 82.2. తేడా 17.8, దాన్ని 25 డిగ్రీల వద్ద విలువ 59.2తో భాగిస్తే 0.30. సంవర్గమానం 0.30 అయ్యే సంఖ్య 2. అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములు. మన దేశ ప్రమాణం ప్రకారం 1 దాటకూడదు, వేరే నీళ్లు లేనప్పుడు కూడా 1.5 వరకే.

"కాచుకోని తాగుతం మరి?"

"కాస్తే పోదు తాతా, నీళ్లు ఇగిరి ఇంకింత ఎక్కువైతది. తాగేటందుకు వేరే నీళ్లు వాడుండ్రి."

ఎక్కువ ఫ్లోరైడ్ వల్ల పళ్ల మీద వచ్చే మచ్చలకు బీజం పడేది ఎనిమిదేళ్ల లోపు, పళ్లు ఇంకా చిగుళ్ల లోపల తయారవుతుండగానే. ఇంట్లో చిన్నపిల్లలు బోరు నీళ్లు తాగుతుంటే, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి ఈ వారమే పరీక్షకు పంపండి.