మోకాలు బాగుంటేనా!

మారథాన్ విషయంలో మన ఊళ్ళో మనుషులు మూడు రకాలు. పరిగెత్తేవాళ్ళు, పరిగెత్తనివాళ్ళు, మోకాలు బాగుంటే పరిగెత్తి చూపించి ఉండేవాళ్ళు. మొదటి రకం తెల్లవారకముందే లేచి, కేబీఆర్ పార్కు చుట్టూ చప్పుడు చేయకుండా తిరిగి, ఏడింటికల్లా ఇంటికొచ్చి పాలు కాచుకుంటారు కాబట్టి వాళ్ళ సంగతి పక్కింటికి కూడా తెలియదు. రెండో రకంలో నేనున్నాను, బహుశా మీరూ ఉన్నారు. మూడో రకాన్ని మనం వెతుక్కోనక్కర్లేదు, ఆయనే వస్తాడు. పెళ్ళి భోజనాల్లో మన పక్క కుర్చీలోనే కూర్చుంటాడు. పప్పు వడ్డించినప్పుడు మొదలుపెడితే చారు వచ్చేసరికి ఆయన లిగమెంట్ల చరిత్ర మొత్తం మన విస్తట్లో ఉంటుంది.

మా కుటుంబం ఈ జాతికి సమర్పించుకున్న నమూనా మా తోడల్లుడు. వయసు నలభై నాలుగు, ఉద్యోగం గచ్చిబౌలిలో, కాపురం మియాపూర్లో. కంపెనీవాళ్ళు చేయించే ఆరోగ్య పరీక్షలో షుగరు గట్టు మీద ఉంది, ఇంకొంచెమైతే అవతలికి దిగుతుంది అన్నారు. రోజూ అరగంట నడవండి చాలు అన్నాడు డాక్టరు. మావాడికి అది 42 కిలోమీటర్ల 195 మీటర్లు అని వినపడింది. మన మగవాళ్ళకి నలభై దాటాక అరగంట నడక చాలా అవమానంగా అనిపిస్తుంది. అది చేసేవాళ్ళు రిటైరైనవాళ్ళు కదా! మారథాన్ అయితే ఆఫీసులో చెప్పుకోవచ్చు.

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి వేసవిలోనే పేరిచ్చేశాడు. ముందే కడితే ఫీజు తక్కువ. ఆ మిగుల్చుకున్న డబ్బుకి అనేక రెట్లు పోసి బూట్లు, గుండె చప్పుడు లెక్కపెట్టే వాచీ, నడుముకి నీళ్ళ సీసాల బెల్టు కొన్నాడు. చుట్టాలందరికీ ఫోన్లు చేసి, "ఈసారి ఫుల్ కొట్టేస్తున్నా" అని చెప్పాడు. మా మామగారు ఆ ఫోన్ పెట్టేసి చాలాసేపు మాట్లాడలేదట. "హాఫ్ దగ్గర ఆగే మనిషి అనుకున్నానే, ఈ అలవాటు ఎప్పట్నుంచి?" అని మా అత్తగారిని అడిగారు.

ఇంత దూరానికి తయారవడానికి సాధారణంగా పదహారు, పద్దెనిమిది వారాల ప్రణాళిక వేస్తారు. అందులో కష్టమైన భాగం పరిగెత్తడం కాదు, పరిగెత్తగలిగినప్పుడు కూడా ఆగడం. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే దారికొస్తాయి. నిన్నటిదాకా రొప్పినవాడు ఇవాళ మాట్లాడుతూ పరిగెడతాడు. కానీ టెండన్లు, ఎముకలు అంత తొందరగా మాట వినవు, నెలలు తీసుకుంటాయి. ఊపిరి సిద్ధంగా ఉండి కాలు సిద్ధంగా లేని ఈ నడిమధ్య కాలంలోనే పరుగువాళ్ళు వరసపెట్టి దెబ్బతింటారు. మావాడూ అక్కడే పడ్డాడు. ఆదివారం పరుగు 14 కిలోమీటర్ల దగ్గరుంది. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో టెస్టింగ్ విభాగం కుర్రాడు 28 కొట్టి మ్యాపు పెట్టాడు. మరుసటి ఆదివారం మావాడూ 28 కొట్టాడు. నెక్లెస్ రోడ్డు మీద వెళ్ళేటప్పుడు మనిషిలా వెళ్ళి, వచ్చేటప్పుడు ఆటోలో వచ్చాడు.

మోకాలికి బయటివైపు నొప్పి. నడిస్తే కొంచెం, మెట్లు దిగితే బాగా, పరిగెడితే కాసేపటికి కత్తి దిగినట్టు. ఐటీ బ్యాండ్ అన్నారు. తుంటి నుంచి మోకాలి కింద దాకా తొడ పక్కగా దిగే పట్టీ అది. అక్కడి నుంచి ఆయన అసలు జీవితం మొదలైంది.

ఇది గమనించవలసిన విషయం. పరిగెత్తినన్నాళ్ళు ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు. తెల్లారి నాలుగింటికి అలారం పెడుతున్నాడని మా మరదలు విసుక్కునేది, అంతే. గాయమయ్యాక ఇంట్లో హోదా వచ్చింది. సోఫాలో ఒక మూల శాశ్వతంగా ఆయనది, దిండు మీద కాలు, కాలి మీద ఐసు సంచీ. చూడటానికి జనం రావడం మొదలుపెట్టారు. మా అత్తగారు సున్నం, పసుపు కలిపి పట్టు వేశారు. పక్క ఫ్లాటు పిన్నిగారు ఉప్పు మూట కాపడం పెట్టారు. మహానారాయణ తైలం ఒకరు తెచ్చారు. చిత్తూరు వైపు చుట్టం ఒకాయన, ఎముక విరగకపోయినా సరే, పుత్తూరు కట్టు కట్టిస్తే పోలా అన్నాడు. ఆయన ఎవరినీ కాదనలేదు. ఒకే మోకాలి మీద వేడీ, చల్లనా, పసుపూ, తైలమూ వంతులవారీగా పనిచేశాయి. సోఫా కవరు ఇప్పటికీ ఆ రంగులోనే ఉంది.

ఫిజియోథెరపీ అమ్మాయి మాత్రం తేలిగ్గా తేల్చేసింది. ఈ నొప్పి మోకాల్లో కనిపిస్తుంది కానీ చాలామందిలో లోపం తుంటి కండరాల బలహీనత, రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్ళలో ఇది మామూలే అంది. కొన్నాళ్ళు పరుగు ఆపండి, రోజూ పది నిమిషాలు పక్కకి ఒత్తిగిలి పడుకుని పై కాలు మెల్లగా ఎత్తి దించండి అని కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చింది. ఆ కాగితం మా మరదలు ఫ్రిజ్‌కి అంటించింది. మా తోడల్లుడు రోజుకి ఎన్నిసార్లో ఆ ఫ్రిజ్ తలుపు తీశాడు, కాలు మాత్రం ఎత్తలేదు. మసాజ్ గన్ను కొన్నాడు, గట్టి నురగ దుంగ కొని దాని మీద పొర్లాడు, ఇద్దరు స్పెషలిస్టుల అభిప్రాయాలు తీసుకున్నాడు, స్కానింగ్ తీయించి ఆ ఫిల్మును కిటికీ వెలుగుకి పెట్టి వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. డబ్బు ఖర్చయ్యే వైద్యం ఏదీ వదల్లేదు.

పరుగు ఆగింది కాబట్టి చదువు పెరిగింది. గాయపడ్డ మారథాన్ వీరుడికి ఉన్నంత మారథాన్ పరిజ్ఞానం పరిగెత్తేవాడికి ఉండదు, వాడికి తీరికేదీ? 42.195 అనే లెక్క 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట నుంచి స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటు దాకా కొలిస్తే వచ్చిందనీ, 1921లో దాన్ని ఖాయం చేశారనీ గృహప్రవేశాల్లో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ 1908 పోటీ అంటే మావాడికి ప్రాణం. ఇటలీవాడు డొరాండో పియెట్రి అందరికంటే ముందు స్టేడియంలోకి వచ్చాడు. వచ్చి, సొమ్మసిల్లి, దారి తప్పి, పడి లేచి, మళ్ళీ పడి, చివరికి అధికారులు పట్టుకుని గీత దాటిస్తే దాటాడు. సాయం తీసుకున్నాడని అనర్హుడన్నారు, బంగారు పతకం అమెరికావాడు జానీ హేస్‌కి వెళ్ళింది. కానీ రాణి అలెగ్జాండ్రా మర్నాడు పియెట్రికి బంగారు పూత వేసిన వెండి కప్పు ఇచ్చింది.

"ఇప్పుడు చెప్పు అన్నయ్యా, హేస్ పేరు ఎవరికైనా తెలుసా?" అన్నాడు, ఐసు సంచీ సర్దుకుంటూ.

నాకు ఇద్దరి పేర్లూ అప్పుడే తెలిశాయి. కానీ ఆయన వాదన అర్థమైంది. గెలిచినవాడికి పతకమొక్కటే, పడ్డవాడికి కథ. జపాన్ కనకురి షిజో గురించి కూడా చెప్పాడు. 1912 స్టాక్‌హోం పోటీలో ఎండ దెబ్బకి మధ్యలో ఆగి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడాయన. 1967లో స్వీడన్‌వాళ్ళు పిలిచి మిగతాది పూర్తి చేయిస్తే, ఆయన సమయం 54 ఏళ్ళ 8 నెలల 6 రోజుల పైచిలుకుగా రాశారు. "చూశావా, కంగారేం లేదు" అన్నాడు మావాడు. మామగారు మాత్రం ఊరుకోలేదు. 2011లో టొరంటోలో ఫౌజా సింగ్ వందేళ్ళ వయసులో మారథాన్ పూర్తిచేశాడన్న వార్త ఎక్కడో దాచుకున్నట్టున్నారు, సరిగ్గా అప్పుడే తీశారు. జనన ధ్రువపత్రం లేదని ఆ రికార్డుని గిన్నిస్‌వాళ్ళు ఒప్పుకోలేదు మామయ్యా అని మా తోడల్లుడు మెల్లగా అడ్డుపడ్డాడు. "పత్రం లేకపోయినా కాళ్ళున్నాయి కదయ్యా" అన్నారాయన.

ఆరు వారాలు ఇలా గడిచాక నొప్పి తగ్గింది. విశ్రాంతి వల్ల తగ్గిందని ఫిజియో, పసుపు వల్లనని అత్తగారు ఎవరి మాట మీద వాళ్ళున్నారు. పోటీకి అయిదు వారాలు మిగిలాయి. అంతకాలం కాలు కదపకపోతే సంపాదించుకున్న దమ్ము చాలావరకు పోతుంది, అది పొదుపు ఖాతాలో దాచుకునే వస్తువు కాదు. "హాఫ్‌కి మార్చుకోవచ్చుగా తమ్ముడూ, ఇరవయ్యొక్క కిలోమీటర్లేం తక్కువా?" అన్నాను. "ఆఫీసంతా ఫుల్ అని తెలుసు అన్నయ్యా" అన్నాడు. నాకు తెలిసి ఈ దేశంలో మారథాన్ పూర్తిచేసే మగవాళ్ళలో సగంమందిని నడిపేది దమ్ము కాదు, ముందే చెప్పేసుకోవడం.

ఆ అయిదు వారాల్లో ఎంత పరిగెత్తాడంటే, రెండు వారాలు పరిగెత్తాడు. తర్వాత పోటీ దగ్గరపడింది కాబట్టి టేపరింగ్ అన్నాడు. నెలల తరబడి శ్రమించినవాళ్ళు చివరి రెండు మూడు వారాలు పరుగు తగ్గించి కండరాలను తేరుకోనివ్వడం దాని పద్ధతి. మావాడు మొత్తం ప్రణాళికలో తు.చ. తప్పకుండా పాటించిన నియమం ఇదొక్కటే. లేని పరుగును శ్రద్ధగా తగ్గించుకున్నాడు. ఆ తర్వాత కార్బ్ లోడింగ్. పరుగుకి ముందు రెండు మూడు రోజులు అన్నం, బంగాళాదుంప లాంటివి ఎక్కువ తిని కండరాల్లో గ్లైకోజెన్ నింపుకోవాలి, అది తప్పు కాదు. మావాడు వారం ముందు నుంచే నింపాడు. షుగరు గట్టు మీదున్న మనిషి, సైన్సు పేరు మీద చక్రపొంగలి అడిగి చేయించుకున్నాడు.

పోటీ రోజు తెల్లవారకముందే నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర దింపాం. మోకాలికి నీలం టేపు సాలెగూడులా అంటించుకున్నాడు. ఆ టేపు వైద్యానికి ఎంత పనికొచ్చిందో కానీ ప్రకటనకి బాగా పనికొచ్చింది. దింపిన నిమిషంలోనే ముగ్గురు "ఏమైందండీ?" అని అడిగారు. చూస్తుండగానే మొహంలో కళ వచ్చింది. ముందుగా నొప్పిబిళ్ళ వేసుకుందామనుకున్నాడు కానీ, చెమట కారే పరుగులో ఆ బిళ్ళలు కిడ్నీల మీద భారం వేస్తాయని డాక్టరు గట్టిగా వద్దన్నాడు. మా మరదలు జేబులు వెతికి ఉన్నది లాక్కుంది.

హైదరాబాద్ మారథాన్ తేలికైనది కాదు, అది ఒప్పుకోవాలి. ఆగస్టు ఉక్క. ఎక్కితే ఫ్లైఓవరు, దిగితే బంజారాహిల్స్ ఎత్తుపల్లాలు. కారులో పోయేవాడికి ఊళ్ళో ఇన్ని మెరకలున్నాయని తెలియనే తెలియదు. మేం పరుగు ముగిసే గచ్చిబౌలి స్టేడియంలో కాచుక్కూర్చున్నాం. మొదట నాలుగు గంటల్లో వచ్చేస్తానన్నాడు. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దగ్గర్నుంచి ఫోను చేసి అయిదున్నర అన్నాడు. ఇంకో ఫోనులో, టైము ముఖ్యం కాదిక్కడ, అనుభూతి ముఖ్యం అన్నాడు. ముప్ఫయ్యో కిలోమీటరు దాటాక ఒంట్లో నిల్వ ఉన్న చక్కెర అయిపోయి కాళ్ళు బండబారిపోతాయని పరుగువాళ్ళంతా చెప్పే మాటే. దాన్ని గోడ అంటారు. చక్రపొంగలి గోడ దాటించలేదు. చీర కచ్చపోసి కట్టుకున్న పెద్దావిడ ఒకరు "రండి బాబూ, అయిపోవచ్చింది" అని పలకరించి ముందుకెళ్ళిపోయిందట. వలంటీర్లు ఇచ్చిన ఉప్పు చల్లిన ఉడికిన బంగాళాదుంపే తనను బతికించిందని ఇప్పటికీ చెబుతాడు.

వచ్చాడు. ఆరు గంటల నలభై నిమిషాలకి, కుంటుతూ, కానీ కుడికాలు కుంటుతూ. గాయమైంది ఎడమ మోకాలికి. నేను గమనించాను కానీ అనలేదు, మా మరదలు అనేసింది. పతకం మెడలో పడ్డాక ఆయనకి ఏ కాలూ గుర్తులేదు. మూడు రోజులు మెట్లు వెనక్కి తిరిగి దిగాడు. నేల మీద కూర్చోవలసిన ప్రతి పనికీ ఇంట్లో సహాయకులు కావలసి వచ్చింది. ఆ వివరాలు మనకొద్దు.

ఒక్క మాట న్యాయంగా చెప్పుకోవాలి. ఆ ఎండలో, ఆ తయారీతో 42 కిలోమీటర్లు ఈడ్చుకుంటూ వచ్చాడంటే మొండితనం ఉంది. నాకు అంత లేదు. కానీ ఆ మొండితనంలో పదో వంతు ఫ్రిజ్ మీది కాగితానికి ఖర్చు పెట్టి ఉంటే ఆ ఆటో, ఆ ఐసు సంచీ, ఆ సోఫా కవరు ఏవీ అక్కర్లేకపోయేవి. ఆ వ్యాయామానికి పతకం ఇవ్వరు, ఎవరూ ఫోటో తీయరు, ఒత్తిగిలి పడుకుని కాలెత్తే మనిషిని చూసి "ఏమైందండీ?" అని ఎవరూ అడగరు. పైగా మోకాలు నిజంగా బాగైపోతే చిక్కు. అప్పుడు ఆరు గంటల నలభై నిమిషాలు అచ్చంగా తనవే అవుతాయి. ఇప్పుడైతే అందులో రెండు గంటల నలభై నిమిషాలు మోకాలివి. ఆఫీసులో మిఠాయిలు పంచుతూ ఆయన అన్న మాట కూడా అదే, "మోకాలు బాగుంటేనా, నాలుగు గంటల్లో కొట్టేవాణ్ణి!"

వచ్చే ఏడాదికి కూడా పేరు ఇస్తానంటున్నాడు. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటివారు ఉండే ఉంటారు. కనిపించినప్పుడు దయచేసి మోకాలు ఎలా ఉందని మాత్రం అడక్కండి, మధ్యాహ్నం అయిపోతుంది. రోజూ ఆ పది నిమిషాల వ్యాయామం చేస్తున్నారా అని అడగండి. వెంటనే మీ పిల్లల చదువుల గురించి మాట్లాడతారు.