పేరు పెట్టడానికి ఏడాదా?

పిల్లోడు పాకుతున్నాడు. కింద రెండు పళ్లొచ్చాయి. గడప దగ్గర చెప్పులు కనిపిస్తే చాలు, నోట్లో పెట్టుకుంటున్నాడు. ఇంకా వాడికి పేరు లేదంట! మా వీధిలో మాటే ఇది. "ఏమని పిలుస్తారు తల్లీ వాణ్ణి?" అని అడిగితే, "ఇప్పటికి చిన్నూ అంటున్నాం తాతా, పేరింకా ఫైనల్ కాలేదు" అంటుంది వాళ్లమ్మ. పేరు ఫైనల్ కావడమేంది? వాళ్లాయన కువైట్‌లో ఉంటాడు. డ్యూటీ దిగి రాత్రి వాట్సాప్‌లో ఒక పేరు పంపుతాడు, ఈమెకు నచ్చదు. ఈమె రెండు పంపుతుంది. ఒకటి వాళ్ల చుట్టాల్లో ఎవరికో ఉందని ఆయన వద్దంటాడు. రెండోదాన్ని ఇంగ్లీషులో రాసి కూడితే లెక్క సరిపోలేదని ఎవరో న్యూమరాలజీ ఆయన కొట్టేశాడంట. ఈ లోపల అత్తగారు అలిగి తిరుపతిలో కూతురింటికి పోయింది. బారసాల వాయిదా మీద వాయిదా.

మా రోజుల్లో ఈ తగాదాకు చోటే లేదు నాయనా. పేరు పెట్టడం అమ్మానాయనల పని అయితే కదా వాళ్లు కొట్లాడుకోవడానికి! అది బిడ్డ కడుపులో పడకముందే తేలిపోయిన సంగతి. పెద్ద కొడుక్కు జేజినాయన పేరు, రెండోవాడికి అమ్మ తరఫు తాత పేరు. ఆడపిల్లయితే జేజి పేరు, ఆ తర్వాత అవ్వ పేరు. ఇంట్లో ఎవరన్నా కొండకు మొక్కుకొని ఉంటే దేవుడి పేరు ముందు, పెద్దల పేరు వెనక. అయిపోయింది. వంటింట్లో పప్పు ఉడికేలోపల పేరు తేలేది.

మా ఇంట్లోనే చూడండి, అందరూ వెంకటసుబ్బయ్యలే. పెద్దసుబ్బయ్య, నడిపి సుబ్బయ్య, చిన్నసుబ్బయ్య, వాళ్ల తర్వాత పుట్టినవాడు బుడ్డ సుబ్బయ్య. పోస్టుమాన్‌కు కష్టమే, ఒప్పుకుంటా. కార్డు ముక్క వస్తే అది ఎవరిదో తేలేలోపల నలుగురూ చదివేసేవాళ్లు. ఏం కొంప మునిగింది? ఒకరి కష్టం ఒకరికి తెలిసేది. ఇప్పుడు ఒక్కొక్కరికీ ప్రపంచంలో ఎవరికీ లేని పేరు కావాల. పక్కింట్లో ఉంటే పనికిరాదు, క్లాసులో ఇంకొకరికి ఉంటే పనికిరాదు. మనిషికి తోడు పనికిరాకపోతే పేరుకు మాత్రం ఏం పనికొస్తుంది?

తల్లి మాట ఎవరూ అడగలేదు కదా తాతా అంటారు ఈ కాలం పిల్లలు. నిజమే, అడగలేదు. అది నాకూ బాగుండదు. అయినా అడక్కపోయినంత మాత్రాన తల్లికి తనకు నచ్చిన పేరు పెట్టుకునే దారి లేకుండా పోలేదు. మామ పేరు కోడలు నోట పలకకూడదు గదా! అందుకని ప్రతి తల్లీ కొడుక్కు ఇంకో పేరు పెట్టుకునేది. మా పెద్దన్నను మా అమ్మ ఒక్కనాడూ అసలు పేరుతో పిలవలేదు, "అబ్బయ్యా" అనేది. ఎండాకాలం పోయి, చెయ్యేట్లో నీళ్లొచ్చిన రోజుల్లో వాడు ఈతకు పోయి చీకటి పడినా ఇంటికి రాకపోతే, చింతబరికె తీసుకొని ఏటిగట్టుకు పోయి, అంత కోపంలోనూ "ఒరే అబ్బయ్యా" అనే కేకేసేది. తిట్టుదామన్నా మామ పేరు అడ్డం వచ్చేది. ఆ అబ్బయ్య అన్న పేరే ఊరందరి నోళ్లలో నిలిచింది. రికార్డులో పేరు జేజినాయనది, నోళ్లలో పేరు అమ్మది. ఇద్దరూ గెలిచారు.

తాళ్లపాక మన రాజంపేటకు ఎంత దూరం? అక్కడి అన్నమయ్య ఇంటి సంగతే చూడండి. 1408లో పుట్టిన అన్నమయ్యకు తాత నారాయణయ్య, తండ్రి నారాయణసూరి. అన్నమయ్య కొడుకు పెదతిరుమలాచార్యులు, ఆయన కొడుకు చినతిరుమలాచార్యులు. తండ్రీకొడుకులకు ఒకటే పేరు, ముందర పెద, చిన అని తగిలించుకున్నారు. ముప్పై రెండు వేల కీర్తనలు చెప్పాడని పేరున్న మహానుభావుడి ఇంట్లో మాటలకు కరువా? మనవడికి కొత్త పేరు పుట్టించలేకనా? ఉన్న పేరు చాలనుకున్నారు. అదీ పెద్దరికమంటే.

ఇప్పుడు మన రాజంపేటలో ఆయన పేరు లేనిది ఏముంది? ఇంజనీరింగ్ కాలేజీకి ఆయన పేరే. చెయ్యేటి మీది ప్రాజెక్టుకు, అదే, 2021 నవంబరులో కట్ట తెగి ఊళ్లను ఊడ్చుకుపోయిందే, దానికీ ఆయన పేరే. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు చేసినప్పుడు జిల్లాకే ఆయన పేరు పెట్టారు, పెట్టి జిల్లా ఆఫీసులను రాయచోటికి ఇచ్చారు, మన ఊరోళ్లు ధర్నాలు చేశారు. ఊరి పక్కన రోడ్డు మీద 108 అడుగుల విగ్రహం. ఇంత చేసి, పుట్టిన బిడ్డకు అన్నమయ్య అని పెట్టమంటే ఒక్కరూ పెట్టరు. పాత పేరు తాతా, స్కూల్లో నవ్వుతారు అంటారు. విగ్రహానికి పనికొచ్చిన పేరు బిడ్డకు పనికిరాకుండా పోయింది.

మొక్కు పేర్ల సంగతి చెబితే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. పెంచలకోన నరసింహస్వామికి మొక్కి కన్నవాడు పెంచలయ్య. అహోబిలం స్వామి పేరున ఓబులేసు, ఓబులమ్మ. కర్నూలు వైపు పోతే మద్దిలేటి స్వామి పేరున మద్దిలేటయ్య. కసుమూరు దర్గాలో మొక్కుకుంటే మస్తానయ్య, మస్తానమ్మ. హిందువుల ఇళ్లల్లోనే ఈ మస్తానయ్యలు, దస్తగిరిలు, పకీరయ్యలు. ఎవరూ ఇదేమని అడిగేవాళ్లు కాదు. పీర్ల పండక్కు పిల్లోడికి పకీరు వేషం కట్టి నాలుగిళ్లు అడుక్కొచ్చి మొక్కు తీర్చుకునేవాళ్లు. బిడ్డనిచ్చిన చోటు పేరు బిడ్డకు పెట్టడం రుణం తీర్చుకోవడం.

ఇంక పుల్లయ్య, పెంటయ్య అన్న పేర్లు విని నవ్వుతారే, అవి ఎట్లా వచ్చాయో మీకు తెలుసా? పుట్టిన బిడ్డ పుట్టినట్టు పోయే రోజులవి. ఇద్దరు ముగ్గురు పోయాక ఇంకొకడు పుడితే, వాణ్ణి తీసుకుపోయి ఎంగిలి విస్తళ్ల మీదనో, పెంటదిబ్బ మీదనో ఒక్క గడియ పడుకోబెట్టి, మాకొద్దు అన్నట్టు వెనక్కి తిరిగి, మళ్లీ ఎత్తుకొచ్చేవాళ్లు. మృత్యువు కళ్లకు ఆ బిడ్డ విలువ లేనట్టు కనిపించాలని. మంచి పేరు పెడితే ఎక్కడ దిష్టి తగులుతుందోనని బెదిరిన తల్లి పెట్టిన పేరు అది. పిల్లోడు బతికితే చాలు, పేరు ఏదైనా ఫరవాలేదు అనుకున్న పేరు. ఇప్పుడు ఆస్పత్రులు బాగుపడ్డాయి, టీకాలొచ్చాయి, బిడ్డలు బతుకుతున్నారు. సంతోషం. ఒక్క ఆ మార్పును మాత్రం నేను తప్పుపట్టను.

తెల్లదొర పేరు కూడా పెట్టుకున్నారు మన సీమ వాళ్లు. 1800 నుంచి 1807 దాకా ఇక్కడ పెద్ద కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో గుర్రమెక్కి ఊరూరూ తిరిగి, రైతుల మాట చెవిన పెట్టి శిస్తు కట్టించాడు. గండి ఆంజనేయస్వామి దగ్గర ఆయనకు బంగారు తోరణం కనిపించిందని కడప జిల్లాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1827లో పత్తికొండలో కలరా తగిలి పోయాడు. ఆయన పోయిన తర్వాత కూడా ఏండ్ల తరబడి మన రైతులు కొడుకులకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. మేలు చేసినవాడు తెల్లోడైనా సరే, చివర ఒక అప్ప తగిలించి ఇంట్లోవాణ్ణి చేసుకున్నారు. ఆ పెద్ద మనసు ఇప్పుడు ఉందా? మొన్న ఒకాయన కొడుక్కు పెట్టిన పేరు అర్థమేందని అడిగితే, "నెట్‌లో చూడాల తాతా" అన్నాడు.

నక్షత్రం మాట ఎత్తుతారు. పాదానికో అక్షరం, నిజమే. ఇరవై ఏడు నక్షత్రాలు, నాలుగేసి పాదాలు. ఇప్పుడు ఫోను ఆ అక్షరం చెబుతుంది, వీళ్లు ఆ అక్షరం పట్టుకొని వేలాడతారు. హస్త మూడో పాదానికి ణ వస్తుంది. ణ తో ఏం పేరు పెడతారు చెప్పండి? మా పురోహితుడు దానికి తల పట్టుకున్నది లేదు. జన్మనామం చెవిలో చెప్పడానికి, వ్యవహారనామం నలుగురూ పిలవడానికి, రెండూ వేరే అని తేల్చేసేవాడు. ఇత్తడి పళ్లెంలో బియ్యం పోసి, పసుపు నీళ్లు చిలకరించి, చదును చేసి పెడితే, బిడ్డ తండ్రి ఉంగరం తీసి దాంతో బియ్యంలో పేర్లు రాసేవాడు. ఒక పేరు కాదు, మూడు నాలుగు. ఉంగరం కదిలినప్పుడల్లా కింద ఇత్తడి తళుక్కుమనేది, ఒత్తుల దగ్గర బియ్యం జారి అక్షరం పూడుకుపోతే మేనత్త వేలితో సరిచేసేది. ఆ తర్వాత బిడ్డను తొట్టెలో వేసి చెవిలో ముమ్మారు పిలిచేవాళ్లు. మేనత్త చెప్పిన పేరు ఒకటి, అవ్వ చెప్పిన పేరు ఒకటి, ఎవరి పేరు వాళ్లు పిలుచుకునేవాళ్లు. అంతమంది ముద్దు చేసే బిడ్డకు ఒక్క పేరు ఎట్లా సరిపోతుంది?

అసలు చిక్కు ఆ జనన ధ్రువపత్రంలో ఉంది. దాంట్లో పేరుకు ఒకే గడి. ఆ ఒక్క గడి కోసం ఇద్దరు కొట్లాడుతున్నారు. 1969 నాటి జనన మరణాల చట్టం పేరు లేకుండా కూడా పుట్టుకను రాయించుకోమంది, పేరు తర్వాత చేర్చుకోమంది. ఆ సౌకర్యం వీళ్ల చేతిలో పడి కొంపలు కూల్చేదాకా వచ్చింది. కేరళలో ఒక మొగుడూ పెళ్లాం విడిపోయి, బిడ్డకు పేరు కుదుర్చుకోలేకపోయారు. పేరు లేని పత్రం బడిలో చెల్లలేదు. రిజిస్ట్రారేమో తల్లీతండ్రీ ఇద్దరూ రావాలన్నాడు. 2023లో చివరికి హైకోర్టే పేరు పెట్టింది. మైసూరు జిల్లా హుణసూరులో ఇంకో జంట, మూడేళ్లు పోట్లాడి విడాకుల దాకా పోతే, 2024 డిసెంబరులో కోర్టులోనే ఆ పిల్లోడికి నామకరణం జరిగింది. మొగుడూ పెళ్లాం దండలు మార్చుకొని ఇంటికి పోయారంట.

కేరళ జడ్జి గారు ఏం చేశారో గమనించారా? తల్లి అడిగిన పేరు ఇచ్చి, దానికి తండ్రి పేరు చేర్చారు. మా ఇంట్లో మా జేజి చేసిందీ అదే, అమ్మ పేరూ నిలిచింది, జేజినాయన పేరూ నిలిచింది! చదువు రాని జేజి అరుగు మీద కూర్చొని వక్కాకు నములుతా తేల్చిన సంగతికి ఇప్పుడు వకీళ్లు, వాయిదాలు, హైకోర్టు కావాల్సి వచ్చింది. ఇంటి పెద్దను వృద్ధాశ్రమానికి పంపితే ఆ పని జడ్జి నెత్తిన పడక ఏం చేస్తుంది?

అందుకని చెబుతున్నా, వినండి. మీకు నచ్చిన పేరు పెట్టుకోండి, పలకడానికి నోరు తిరగకపోయినా సరే, నేను అడ్డం రాను. దాని పక్కన మీ నాయన పేరో, మీ అత్త పేరో ఒకటి రాయించండి. ఒక గడిలో రెండు మూడు పేర్లు పడతాయి, పట్టకపోతే చిన్నక్షరాలతో రాయమనండి. పుట్టుకను 21 రోజుల్లోపల నమోదు చేయించండి. పేరు చేర్చడానికి ఏడాది దాకా రుసుము లేదు, ఏడాది దాటితే కట్టాల, పదిహేనేళ్ల తర్వాత ఆ దారి కూడా మూసుకుంటుంది. 2023 అక్టోబరు నుంచి పుట్టినవాళ్లకు బడికైనా, ఓటుకైనా, పాస్‌పోర్టుకైనా ఆ పత్రమే ఆధారం. ఈ సోమవారమే మున్సిపల్ ఆఫీసుకు పోండి, పోయేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లను కూడా వెంటబెట్టుకొని పోండి.