చెవిన పెట్టకూడని టీకా సలహాలు

"పిల్లకు సూది వేయించడం తల్లి పని." ముందుగా దీని సంగతే చూడాలి. ఆడవాళ్లకూ టీకాకూ మధ్య అడ్డుపడే మిగతా సలహాలు చాలావరకు ఇందులోంచే పుడతాయి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తిరగేస్తే, పూర్తి టీకాలు పడిన పసివాళ్లలో ఆడామగా తేడా పెద్దగా కనిపించదు. అది మంచి సంగతే. అయితే ఆ అంకె పిల్లల గురించి చెబుతుందే గానీ, వాళ్లను చంకనేసుకుని వచ్చిన మనిషి గురించి చెప్పదు. ఆరు వారాలకు, పది వారాలకు, పద్నాలుగు వారాలకు ఐదు జబ్బుల టీకా పెంటావాలెంట్. తొమ్మిది నెలలు నిండాక మీజిల్స్-రుబెల్లా, పదహారు నెలలు దాటాక మళ్లీ ఇంకోసారి. ప్రతిసారీ పూట కూలి పోగొట్టుకునేది తల్లి. రాత్రి పిల్లకు ఒళ్లు కాలితే మేలుకుని కూర్చునేదీ ఆమే. "బాగున్న పిల్లను తీసుకెళ్లి జ్వరం తెచ్చావు" అని తెల్లారి మాట పడేదీ ఆమే. ఆ మాట రెండుసార్లు పడ్డాక మూడో సూదికి కాళ్లు కదలవు. అప్పుడు రిజిస్టర్లో "తల్లి అశ్రద్ధ" అని రాసుకుంటే అన్యాయం కాదా?

కనీసం మొదటి పెంటావాలెంట్ సూదికి తండ్రి వెళ్లాలి. సూది వేశాక ఊరి నర్సు ఏఎన్ఎం చెప్పే నాలుగు మాటలు అతని చెవినే పడాలి: జ్వరం రావచ్చు, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, పారాసెటమాల్ చుక్కలు ఇంత వేయండి, తగ్గకపోతే తీసుకురండి. అదే సంగతి తల్లి ఇంటికొచ్చి చెబితే నమ్మని పెద్దవాళ్లు, కొడుకు చెబితే వింటారు. ఇలా ఉండటం న్యాయమని నేననను. కానీ ఇవాళ ఆ ఇంట్లో ఆమె నెత్తిన పడే నింద దీనితో తగ్గుతుంది.

"పుట్టింట్లో ఎందుకు, అత్తారింటికి వెళ్లాక వేయించుకోవచ్చులే" అనేది మన వైపు మరీ ఎక్కువగా వినిపించే సలహా. మొదటి కాన్పు పుట్టింట్లో కావడం ఆనవాయితీ. బాలింత అక్కడ మూడు నెలలో ఐదు నెలలో ఉంటుంది. పసివాళ్లకు వరసగా సూదులు పడాల్సింది సరిగ్గా ఆ నెలల్లోనే. ఏ ఊళ్లో పేరు రాయించుకున్నా, సర్కారు టీకాలు ఏ ఊరి ఆరోగ్య కేంద్రంలోనైనా ఉచితంగా వేస్తారు. చేతిలో తల్లీబిడ్డల రక్షణ కార్డు ఉంటే చాలు. కాన్పుకు సర్దుకునే సంచిలో చీరలకంటే ముందు ఆ కార్డు పెట్టండి. తిరిగి వచ్చేటప్పుడు మరిచిపోకుండా తెచ్చుకోండి.

"కడుపుతో ఉన్నప్పుడు సూదులేమీ వద్దు" అని ప్రేమతోనే చెబుతారు. మంత్రసాని చేతుల మీదుగా కాన్పులు జరిగిన కాలంలో, పుట్టిన వారానికే ధనుర్వాతంతో బిడ్డలు పోవడం ఇదే నేల మీద జరిగింది. కాన్పులు ఆసుపత్రికి మారడంతోపాటు గర్భిణులకు వేసిన టీటీ సూది కూడా ఆ చావులను ఆపింది. 2015 నాటికి దేశమంతా ఆ పీడ దాదాపు విరగడైంది. ఇప్పుడు టీటీ స్థానంలో టీడీ ఇస్తున్నారు, అది కంఠసర్పి నుంచి కూడా కాపాడుతుంది.

కోవిడ్ సమయంలో ఈ సలహా ప్రభుత్వ నిర్ణయం రూపంలోనే వచ్చింది. టీకా ప్రయోగాల్లో గర్భిణులను చేర్చుకోలేదు, కాబట్టి సమాచారం లేదన్నారు. సమాచారం లేదు కాబట్టి టీకా ఇవ్వలేదు. మన దేశంలో గర్భిణులకు అనుమతి వచ్చేసరికి 2021 జూలై 2. రెండో అల ఏప్రిల్, మే నెలల్లోనే ఊళ్లకు ఊళ్లను కుదిపేసి వెళ్లిపోయింది. ఆడవాళ్లను కాపాడుతున్నామంటూ పరిశోధనకు దూరంగా ఉంచితే, అవసరం ముంచుకొచ్చిన రోజున వాళ్ల చేతికి రక్షణ అందదు. నాకు కోపం తెప్పించే సంగతుల్లో ఇది మొదటిది.

ఆ ఏప్రిల్‌లోనే ఫోన్లలో ఇంకో సలహా తిరిగింది: నెలసరికి ముందు ఐదు రోజులు, తర్వాత ఐదు రోజులు టీకా వేయించుకోవద్దని. అది అబద్ధమని ప్రభుత్వం వెంటనే చెప్పింది. అయినా అంత తేలిగ్గా ఎందుకు నమ్మారు? టీకా ప్రయోగాల్లో నెలసరి గురించి ఆడవాళ్లను ఎవరూ పట్టించుకుని అడగలేదు. అడగని చోట పుకారు వచ్చి కూర్చుంది. తర్వాత జరిగిన పరిశోధనలో, కొందరికి నెలసరి సుమారు ఒక రోజు ఆలస్యమై మళ్లీ సర్దుకుంటుందని తేలింది. ఇంత చిన్న నిజాన్ని ముందే చెప్పి ఉంటే భయం ఉండేది కాదు. కాబట్టి "అదంతా నీ అనుమానం" అని ఆడవాళ్ల నోరు మూయించకండి. సూది తర్వాత ఒంట్లో ఏ మార్పు కనిపించినా ఏఎన్ఎంకు చెప్పండి, రాసుకోమనండి.

"ఫోన్లో పేరు నమోదు చేసుకుంటే సరి" అన్నది కోవిడ్ టీకా రోజుల్లో చదువుకున్నవాళ్లు ఇచ్చిన సలహా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తానే వాడుకునే ఫోన్ ఉన్న ఆడవాళ్లు దేశంలో 54 శాతమే. ప్రభుత్వ టీకా పోర్టల్ కోవిన్‌లో పేరు రాయించాలన్నా, ఓటీపీ రావాలన్నా భర్త ఫోనో కొడుకు ఫోనో కావాల్సి వచ్చేది, అతను ఇంట్లో ఉండాల్సి వచ్చేది. 2021 వేసవిలో దేశం మొత్తం మీద టీకా పడిన ఆడవాళ్లు మగవాళ్లకంటే బాగా తక్కువ. కేరళ, ఆంధ్రప్రదేశ్ మాత్రం అందుకు భిన్నంగా నిలిచాయి. ఆ జూన్‌లో ఆంధ్రప్రదేశ్, ఐదేళ్లలోపు పిల్లలున్న తల్లులకు ముందుగా టీకా ఇవ్వాలని నిర్ణయించింది. మూడో అల వస్తే జబ్బుపడిన పిల్లల దగ్గర ఉండాల్సింది తల్లులే గదా అన్నది అందులోని ఆలోచన. తల్లి కాని స్త్రీ మాటేమిటని నేను అడుగుతాను, అది వేరే సంగతి. టీకా వాళ్ల ఊళ్లోకే, వాళ్ల పేరు పిలుస్తూ వస్తే ఆడవాళ్లు వస్తారని మాత్రం అక్కడ రుజువైంది.

"రుబెల్లా ఆడపిల్లల టీకా, మా అబ్బాయికెందుకు?" అబ్బాయి ఆ వైరస్‌ను ఇంటికి తెస్తాడు, ఇంట్లో మూడో నెల గర్భంతో వదిన ఉంటుంది, పుట్టే బిడ్డకు చూపో వినికిడో పోవచ్చు, గుండెకే లోపం రావచ్చు. 2017 ఆగస్టులో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పదిహేనేళ్లలోపు ఆడామగా అందరికీ వేసింది అందుకే.

ఇక అన్నిటికంటే బరువైనది: "హాస్టల్ పిల్లలే కదా, వార్డెన్ సంతకం చాలు." ఇది 2009లో ఖమ్మం జిల్లాలో నిజంగా జరిగింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాను, పాథ్ అనే సంస్థ భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వాలతో కలిసి పది నుంచి పద్నాలుగేళ్ల అమ్మాయిలకు వేయించింది. సుమారు 14 వేల మంది. వాళ్లలో చాలామంది గిరిజన పిల్లలు, ఆశ్రమ పాఠశాలల్లో ఉండేవాళ్లు. తల్లిదండ్రులు పెట్టాల్సిన చోట వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. ఆ చావులకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. అంగీకారం తీసుకున్న తీరు తప్పని మాత్రం తేలింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగానే తప్పుపట్టింది.

టీకా మంచిదే. దేశంలో ఏటా లక్షా 20 వేల మందికి పైగా ఆడవాళ్లకు ఆ క్యాన్సర్ వస్తోంది. మంచి టీకా కాబట్టి అడగనక్కర్లేదన్న ధీమా, ఏళ్ల తరబడి దాని పేరు చెబితేనే జనం బెదిరేలా చేసింది. ఆ బెదురు వల్ల నష్టపోయింది మళ్లీ ఆడపిల్లలే. వాళ్ల మేలు కోరేవాళ్లు కూడా వాళ్లను అడగాలి.

అందుకే "పిల్లకు అవన్నీ చెప్పకండి, పెళ్లయ్యాక చూసుకోవచ్చు" అన్న సలహా కూడా పక్కన పెట్టండి. వైరస్ సోకకముందు వేస్తేనే ఈ టీకా బాగా పనిచేస్తుంది, కాబట్టి తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల మధ్యే సరైన వయసు. "పెద్దయ్యాక వచ్చే ఒక క్యాన్సర్ రాకుండా ఇది కాపాడుతుంది" అని చెబితే పదేళ్ల పిల్లకు అర్థమవుతుంది. భయంగా ఉందంటే ఆగి వినండి. సూది పడ్డాక కొందరు అమ్మాయిలకు కళ్లు తిరుగుతాయి, కనీసం పావుగంట కూర్చోబెట్టండి.

మీ ఊరి ఏఎన్ఎంను ఈ టీకా గురించి అడిగినప్పుడే తల్లి సంగతీ అడగండి. 30 దాటిన ఆమెకు ఇదే క్యాన్సర్‌ను ముందుగా పట్టే పరీక్ష కావాలి, రేపు టీకా పడిన కూతురికి కూడా ఆ వయసులో పరీక్ష కావాలి. తేదీ చెప్పాక, ఆ పూట వంట ఎవరు చేస్తారో, పశువులను ఎవరు చూస్తారో ఇంట్లో మగవాళ్లే ముందుగా తేల్చి ఆమెకు చెప్పాలి.