ఎక్కింపు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "ప్రాసెస్ చేయబడిన డాక్యుమెంట్లను చంకింగ్ గావించి, ఎంబెడింగులుగా మార్చి, మెటాడేటా సహితముగా వెక్టర్ డేటాబేస్‌లోనికి ఇంజెస్ట్ చేయడమైనది."

అవతారిక: ఖమ్మంలో భూమి కాగితాల మీద జరిగిన ఒక సమావేశంలో కన్సల్టెంటు మహాశయుడు తెర మీద వేసి, రెండుసార్లు పైకి చదివిన వాక్యమిది. వెనక వరుస నుంచి ఒక కోయ రైతు అడిగింది, "మా పోడు పట్టా దరఖాస్తు ఎందుకు కొట్టేశారు సార్?" అని. జవాబుగా ఈ సూత్రం అవతరించింది. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ప్రతిజ్ఞ పట్టి కాళిదాసును వ్యాఖ్యానించినవాడు మన మల్లినాథసూరి. నా మూలంలో ఉన్నదే అక్కర్లేనిది కనుక ఆ ప్రతిజ్ఞలో రెండో సగం నుంచి నాకు మినహాయింపు ఇప్పించాలి.

టీక: డాక్యుమెంట్లను - స్పష్టము.

ప్రాసెస్ చేయబడిన - ఎవరిచేత? కర్త లోపించెను. ఆఫీసు వాక్యాల్లో కర్త దొరకడు, దొరికితే సంజాయిషీ అడుగుతారు. ఏం చేశారో కూడా లేదు. అనూ ఫాంట్లలో కొట్టిన పాత ఫైలును యూనికోడ్‌లోకి మార్చకుండా లాగితే తెలుగు బదులు పిచ్చి గుర్తులు రాలతాయి. యంత్రం వాటినీ భక్తితో స్వీకరించును.

ఎంబెడింగులుగా - కోసిన ఒక్కో ముక్కను (కోత కథ కిందనే) 768 అంకెల వరుసగానో, 1536 అంకెల వరుసగానో మార్చుట. ఆ వరుసే వెక్టర్. అర్థం దగ్గరైన ముక్కల అంకెలు దగ్గరగా ఉండాలని ఆశ. ప్రశ్ననూ అలాగే అంకెలు చేసి, దాని ఇరుగుపొరుగును పిలుచుకొస్తారు. చక్కని విద్యే, కాదనను. కానీ "చెల్లును", "చెల్లదు" అన్నవి ఆ వీధిలో తరచు పక్కపక్క ఇళ్లే.

చంకింగ్ గావించి - ముక్కలు కోసి. ఇన్నేసి అక్షరాలకొక వేటు. తెలుగు వాక్యానికి ప్రాణం తోకలో ఉందని కత్తికి ఎవరూ చెప్పలేదు. ఉదాహరణకు, ఏజెన్సీ భూముల బదిలీపై 1959 నాటి రెగ్యులేషన్‌ను 1970లో సవరించారు. ఆ సవరణను మన ఏజెన్సీలో అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. ఏజెన్సీ భూమిని గిరిజనులకో, గిరిజనులే సభ్యులైన సహకార సంఘానికో తప్ప మరెవరికి బదిలీ చేసినా చెల్లదు అని దాని సారం. "మరెవరికి బదిలీ చేసినా" దగ్గర వేటు పడితే "చెల్లదు" అవతలి ముక్కలో అనాథ. అటవీ హక్కుల చట్టంలోనూ ఇదే గతి: "2005 డిసెంబరు 13కు" ఇటు, "ముందు నుంచి సాగులో ఉంటే" అటు.

ఇచ్చట రామదాసు చరిత్ర స్మరణీయము. నేలకొండపల్లి కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారై, శిస్తు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించి, తానీషా చెరలో పడ్డాడు. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ వేషాల్లో వెళ్లి ఆరు లక్షల మొహరీలు కట్టారని కథ. భక్తులందరూ మొహరీల దగ్గరే ఆగిపోతారు. నేను రసీదు దగ్గర ఆగుతాను. వైకుంఠవాసి అయ్యుండి రాముడు రసీదు అడిగి పుచ్చుకున్నాడే! దాన్ని గోపన్న తలగడ కింద దాచి మరీ వెళ్లాడే! దఫ్తరాల సంగతి దేవుడికి బాగా తెలుసన్నమాట. ఆ రసీదు పారసీలో ఉందా, తెలుగులోనా? లక్ష్మోజీ సాక్షి సంతకం చేశాడా? చేస్తే అసలు పేరే రాశాడా? పారసీ అయితే కుడి నుంచి ఎడమకు కోయాలి గదా... సరే, అది వేరే గ్రంథం. ఆ రసీదునే చంకింగ్ చేస్తే "పాల్వంచ తహసీల్దారు బాకీ ఆరు లక్షల మొహరీలు" ఒక ముక్కలోను, "పూర్తిగా ముట్టినవి" మరో ముక్కలోను పడును. బాకీ ఎంత అన్న ప్రశ్నకు మొదటి ముక్కే దగ్గర. గోపన్న ఇంకా చెరలోనే ఉండును.

మెటాడేటా సహితముగా - ఏ ఊరిది, ఎప్పటిది అన్న వివరంతో. భద్రాచలాన్ని ఆనుకున్న ఏటపాకనే తీసుకోండి. 1959 దాకా తూర్పు గోదావరి, 2014 దాకా ఖమ్మం, మళ్లీ తూర్పు గోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. ఊరు కదల్లేదు, జిల్లాలే తిరిగాయి. జిల్లా గడిలో "ఖమ్మం" అని మాత్రమే వెతికితే ఆ ఊరి కాగితాల్లో సగం బయటికి రావు. ఈ మాట సమావేశంలో నేను లేచి అడిగాను. "అది ఫేజ్ టూ" అన్నారు.

ఇంజెస్ట్ చేయడమైనది - మింగెను. అరిగినదని మూలమున లేదు.

తాత్పర్యం: కాగితాలు ఎవరూ చదవలేదు, ఎక్కించేశారు. రైతుకు జవాబు రాలేదు.

విన్నపం: ఎక్కించే దొరలారా, వాక్యం ముగిసిన చోటే ముక్క కోయండి. ప్రతి ముక్కకూ తేదీ, ఊరు, అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా కట్టండి. జవాబు పక్కన అసలు పుట చూపించండి. అప్పటిదాకా, దరఖాస్తు తిరస్కరించిన కాగితం ఆ రైతు చేతికి ఇప్పించండి. దానికి వెక్టర్లు అక్కర్లేదు, బీరువా తాళం చాలు.