మీటరుకు హారతి

మొన్న శనివారం సాయంత్రం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మా మామగారు కరెంటు మీటరుకు హారతి ఇచ్చారు. కర్పూరం దొరక్క సెల్‌ఫోన్ టార్చితో ఇచ్చారు.

సంగతేమిటంటే, జర్మనీలో చక్రం తిరిగే పాత మీటర్లు పీకేసి డిజిటల్‌వి పెడుతున్నారు. మొత్తం యూనిట్ల అంకె ఎవరికైనా కనబడుతుంది. కానీ నిన్న ఎంత కాల్చాం, పోయినవారం ఎంత కాల్చాం అన్న ముచ్చట మీటరు చెప్పాలంటే నాలుగంకెల పిన్ కావాలి. చాలా మీటర్లకు ఆ పిన్ కొట్టడానికి మీటలుండవు. మీటరుకున్న చిన్న కంట్లోకి టార్చి వెలిగించి ఆర్పాలి. మొదటి అంకె ఏడైతే ఏడుసార్లు, కాస్త ఆగి, తర్వాతది తొమ్మిదైతే తొమ్మిదిసార్లు. మధ్యలో తుమ్మితే మళ్లీ మొదటికి.

మామగారు తెనాలి కరెంటాఫీసులో ముప్పై ఏళ్లు బిల్లులతో కాపురం చేసి రిటైరైన మనిషి. స్లాబులు ఆయనకు ఎక్కాల్లా నోటికొచ్చు. మూణ్ణెల్ల వీసా మీద జిండెల్ఫింగెన్ వచ్చారు. ఇక్కడ చూపించడానికి ఏముంది? 1915 నాటి మెర్సిడెస్ ఫ్యాక్టరీ ఉంది. దాని పన్నుల డబ్బు పొంగిపొర్లిన రోజుల్లో ఊరివాళ్లు జీబ్రా క్రాసింగ్‌కు రంగు చాలదని కరారా పాలరాయి పరిచారు. అదీ చూపించాను. ‘‘ఎండాకాలం కాళ్లకు చల్లగా ఉంటుంది’’ అని ఊరుకున్నారు. నా కరెంటు బిల్లు చూపించాక మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుని కూర్చున్నారు.

బిల్లులో ముందు రెండు ధరలు. గ్రుండ్‌ప్రైస్ అంటే స్విచ్ వేసినా వేయకపోయినా కట్టేది. ఆర్బైట్స్‌ప్రైస్ అంటే కరెంటు పనిచేసినందుకు యూనిట్‌కింతని ఇచ్చే కూలి. వాటి కడుపులో తీగల వాళ్లకింత, మీటరు వాళ్లకింత, సముద్రంలో గాలిమరల లైన్ల కోసమింత. రోడ్డు కింద కేబుల్ వేసుకోనిచ్చినందుకు మున్సిపాలిటీకి ఇచ్చే కప్పం పేరు కొన్‌ట్సెసియోన్స్‌అబ్‌గాబె. ఈ సమాసానికి విగ్రహవాక్యం చెప్పమంటే మా తెలుగు మాస్టారు సెలవు చీటీ రాసేవారు. యూనిట్‌కు 2.05 సెంట్ల కరెంటు పన్ను. ఆ పన్నును కూడా కలిపేసి మొత్తం మీద 19 శాతం వ్యాట్.

‘‘దీన్ని సరళం చెయ్యమని ఎవరూ అడగలేదా బాబూ?’’ అన్నారు మామగారు.

అడక్కేం, చేశారు కూడా. 2004లో అప్పటి పర్యావరణ మంత్రి ట్రిటిన్, సౌరవిద్యుత్తు, పవనవిద్యుత్తు కోసం వేసే వడ్డింపు సగటు ఇంటికి నెలకు ఒక యూరో, అంటే ఐస్‌క్రీమ్ ఒక స్కూప్ ఖరీదు, అంతేనన్నారు. 2017కి అది యూనిట్‌కు 6.88 సెంట్లయింది. ఏడాదికి 3,500 యూనిట్లు వాడే సంసారానికి నెలకు 20 స్కూపులన్న మాట. ఎవరికైనా పడిశం పడుతుంది. చివరికి 2022 జులై 1న ఆ వరసనే బిల్లులోంచి తీసేశారు. కానీ అది యుద్ధం వచ్చి ధరలు మండిపోతున్న ఏడాది. బిల్లు ఒక వరస పొట్టిదైంది, కట్టాల్సిన అంకె పొడుగైంది.

2025లో కొత్త సంకీర్ణ ప్రభుత్వం కరెంటు పన్నును అందరికీ యూరప్ కనిష్ఠ స్థాయికి దించుతామని ఒప్పందంలో రాసుకుంది. జులై వచ్చేసరికి ఖజానా తడుముకుని చూసి, ‘అందరికీ’ అన్న మాటను ‘పరిశ్రమలకు, వ్యవసాయానికి’ అని సరళం చేసింది. అలా ఫ్యాక్టరీ గేటు లోపల నేను వాడే కరెంటుకు ఒక పన్ను, గేటు దాటి ఇంటికొచ్చాక అదే నేను వాడే కరెంటుకు ఇంకో పన్ను.

‘‘మరి నువ్వు ఎలా నెట్టుకొస్తున్నావు?’’

కొత్తల్లుడి పద్ధతిలో అన్నాను. ఇక్కడ కరెంటు మార్కెట్‌ను 1998లో తెరిచారు. ఎవరి దగ్గరైనా కొనుక్కోవచ్చు. కొత్తగా చేరినవాడికి బోనస్ ఇస్తారు. మొదటి పండక్కి పట్టుబట్టలు, అరిసెలు, ‘తమరు అలిసిపోయారు’ అంటూ విసనకర్ర. మూడో ఏటికి ‘మంచినీళ్లు ఫ్రిజ్‌లో ఉన్నాయి, తీసుకోండి’. అందుకని నేను ఏటా ఇల్లు మారతాను, అనగా కంపెనీ మారతాను. మామగారు ఈ ఉపమానానికి నవ్వలేదు.

మారనివాళ్లు? ఏ కంపెనీతోనూ విడిగా ఒప్పందం చేసుకోనివాళ్లకు చట్టప్రకారం మూల సరఫరా ఉంటుంది. దేశంలో నాలుగో వంతు ఇళ్లు, కాస్త అటూ ఇటూగా, అందులోనే ఉన్నాయి. అది సత్రం లాంటిది. ఎవరినీ పొమ్మనదు, రెండు వారాల నోటీసుతో ఎవరైనా వెళ్లిపోవచ్చు. 2021 చివర్లో టోకు ధరలు పెరిగి కొన్ని చవక కంపెనీలు చేతులెత్తేసినప్పుడు ఆ జనం చీకట్లో పడకుండా కాపాడింది ఆ సత్రమే. కాకపోతే సత్రం భోజనం ధర సాధారణంగా హోటల్ కంటే ఎక్కువ.

ఇంగ్లండులో ఉండే బావమరిది అప్పుడే ఫోన్ చేశాడు. వాళ్ల దగ్గర ఆఫ్‌జెమ్ అనే నియంత్రణ సంస్థ, జనం లెక్కలేనన్ని టారిఫ్‌లు చూసి బెదిరిపోతున్నారని, 2013 చివర్లో ఒక్కో కంపెనీ నాలుగు టారిఫ్‌లే పెట్టాలంది. కంపెనీలు ఎంత విధేయతగా పాటించాయంటే, నాలుగులో పట్టని రాయితీలన్నీ ఎత్తేశాయి. చవకవి వెతుక్కునేవాడికి వెతకడానికేం మిగల్లేదు, వెతకనివాడు ఎప్పటిలాగే వెతకలేదు. 2016లో పోటీ వ్యవహారాల సంస్థ విచారించి, ఈ నిబంధన వల్ల పోటీ దెబ్బతింది, తీసెయ్యండి అంది. మెనూకార్డు చిన్నదైతే భోజనం చవకవుతుందనుకోవడం హోటల్‌కు ఎప్పుడూ వెళ్లనివాడి ఊహ.

‘‘మన దగ్గరా జరిగిందిగా’’ అన్నారు మామగారు, ఎక్కాలు మొదలెట్టబోతున్న గొంతుతో. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు మూడు గ్రూపులుండేవి. 75 యూనిట్లలోపు గ్రూప్-ఏ, 225 దాకా బీ, ఆపైన సీ. గీత ఒక్క యూనిట్ దాటితే మొత్తం బిల్లు పై గ్రూపు రేట్లకు ఎగబాకేది. జనం గందరగోళపడుతున్నారని 2022-23 టారిఫ్‌లో గ్రూపులు చెరిపేసి అందరికీ కలిపి ఆరు స్లాబులు పెట్టారు. చూడ్డానికి ముగ్గు వేసినట్టుంది. 30 యూనిట్లలోపు వాళ్లకు యూనిట్‌కు 45 పైసలు పెరిగింది. 126 నుంచి 225 మధ్య వాళ్లకు రూపాయి 57 పైసలు. 400 దాటినవాళ్లకు 55 పైసలు. ఎందుకంటే ఇప్పుడు గదికో ఏసీ ఉన్న మేడలో కూడా మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయలకే. పేదవాడి కంచంలోని మొదటి ముద్ద అందరి కంచాల్లోకీ వచ్చింది, ఫ్యాను కింద కూర్చున్న మధ్యతరగతి వాడికి బిల్లు వచ్చింది.

అంతకన్నా సరళమైనవీ చూశాం. 1983లో రామారావుగారు రైతు మోటారుకు హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలన్నారు. 2004లో రాజశేఖరరెడ్డిగారు మొదటి సంతకంతో సున్నా అన్నారు. సున్నా కంటే సరళమైన ధర గణితంలోనే లేదు. మోటారు ఎంత కరెంటు తాగుతోందో కొలిచే పని హార్స్‌పవర్ లెక్కతోనే పోయింది, ‘సుమారుగా’ అనే స్లాబు మిగిలింది. 2024 మార్చి నుంచి తెలంగాణలో గృహజ్యోతి. 200 యూనిట్లదాకా సున్నా, 201వ యూనిట్ పడితే ఆ నెల బిల్లంతా కట్టాలి. నెలాఖరున ఫ్రిజ్ తలుపు తీసే పిల్లవాణ్ణి ఇల్లంతా కలిసి చూసే చూపు ఏ టారిఫ్ ఉత్తర్వులోనూ లేదు.

జర్మనీలో మాత్రం ఇప్పుడు గాలి ఎదురు తిరిగింది. 2025 నుంచి ప్రతి కంపెనీ గంటగంటకూ మారే ధర కూడా ఇచ్చి తీరాలి. మామగారికి ఇది మాత్రం వెంటనే అర్థమైంది. రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తం. ఇడ్లీపిండి రుబ్బడానికి శుభముహూర్తం ఎప్పుడు? ఎండ బాగా కాసే ఆదివారం మధ్యాహ్నం. అప్పుడు టోకు ధర సున్నా కిందికి కూడా పోతుంది, పన్నులూ తీగల ఛార్జీలూ ఉన్నచోటే ఉన్నా. అయితే ఆదివారం ఇక్కడ నిశ్శబ్ద దినం. గ్రైండర్ వేస్తే కింది వాటావాళ్లు తలుపు కొడతారు. చవక కరెంటు ఉన్నప్పుడు చప్పుడు చేయకూడదు, చప్పుడు చేయగలిగినప్పుడు చవక కరెంటు ఉండదు. పైగా దానికి స్మార్ట్ మీటరు కావాలి. మాది హారతి మీటరు.

ఇలా చెప్పుకుంటూ మూడో అంకె దగ్గరకు వచ్చేసరికి మెట్ల మీద చప్పుడు. కింది వాటా పెద్దావిడ. ఎనభై దాటాయి. ఈ వారం మెట్లు ఊడ్చే వంతు ఆవిడది, చేతిలో చీపురుంది. మా మీటరు పక్కదే ఆవిడ మీటరు. ఏడాదికి 900 యూనిట్లు దాటవని ఆవిడే గర్వంగా చెబుతుంటారు. ఉన్నది మూల సరఫరాలో, ఎన్నడూ మారలేదు.

నేను మనసులో లెక్క వేశాను. గ్రుండ్‌ప్రైస్ నెలకు 12 యూరోలనుకుందాం, ఏడాదికి 144. అది 2,900 యూనిట్లు కాల్చే మా ఇంట్లో యూనిట్‌కు 5 సెంట్లు. ఆవిడ 900 యూనిట్లకు 16 సెంట్లు. అందరికీ ఒకటే ధర అనే సరళ సూత్రంలో తక్కువ వాడినవాళ్లకే యూనిట్ ఎక్కువ పడుతుంది. స్లాబును తలకిందులుగా వేలాడదీసినట్టు.

ఆవిడ మా టార్చిని జాలిగా చూశారు. ‘‘ఈ తంటాలెందుకు? నాకు నెలకు ఒకటే అంకె. బ్యాంకులోంచి దానంతటదే పోతుంది. ఇంతకంటే సరళంగా ఏం కావాలి?’’ అన్నారు.

నేను మామగారికి తెలుగులో చెప్పాను, ఆవిడ ఏడాది 900 యూనిట్ల సంగతితో సహా. ఆయన ఆవిడ మీటరు కేసి వంగి చూసి, ఆ 900ను వేళ్ల మీద పన్నెండుతో భాగించారు.

‘‘నెలకు డెబ్బై అయిదు. మన దగ్గరైతే గ్రూప్-ఏ మనిషి బాబూ’’ అని, కాసేపాగి, ‘‘ఇప్పుడు గ్రూపుల్లేవులే’’ అన్నారు.

అది నేను జర్మన్‌లోకి మార్చలేదు. ఆవిడ మాకు శుభరాత్రి చెప్పి మెట్లెక్కుతూ, ఎనభై ఏళ్ల అలవాటు కొద్దీ సెల్లార్ లైటు ఆర్పేశారు. చీకట్లో మామగారి గొంతు వినబడింది.

‘‘ఎన్నోసారి వెలిగించాం?’’