ఒక్క స్క్రూ కనబడితే ఒట్టు

మర్పల్లిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ కలిపి ఇరవై తొమ్మిదేళ్లు లెక్కలు చెప్పాను. నా దగ్గర చదువుకున్నవాళ్లలో ఇంజనీర్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు. వాళ్లెవరి కంటా ఈ వ్యాసం పడకూడదని నా కోరిక. పన్నెండడుగుల కొలతకు పదంగుళాల రేకులు ఎన్ని పడతాయో తెలియక వారం రోజులు నిచ్చెన మీద కాపురం పెట్టిన ఒక లెక్కల సారు కథ ఇది.

అంతా రాళ్ల వానతో మొదలైంది. 2023 మార్చి 16 గురువారం నాడు మా మండలంలో కురిసిన వడగండ్లకు నేలంతా తెల్లబడింది. టీవీలవాళ్లు మర్పల్లిని కశ్మీర్ చేశారు. చూడ్డానికి బాగానే ఉంది గానీ, మా ముందర అర్ర మీద ఉన్న సిమెంటు రేకులకు కశ్మీర్ అలవాటు లేదు. వాన వెలిశాక లెక్కపెడితే ఏడు రేకులకు నెర్రెలు, రెండింటికి పిల్లి దూరేంత బొక్కలు. వాటిని తీసేసి రంగు పూసిన ఇనుప రేకులు వేయించాను. ఇవి పగలవు. పగలవు గానీ నోరు మూసుకోవు. మొదటి తొలకరికే మా అమ్మ మంచం మీద లేచి కూచుని, "ఏందిరా, ఇంటి మీదికెల్లి బోనాలు పోతున్నయా?" అంది.

అప్పుడు పుట్టింది సీలింగ్ ఆలోచన.

పీవీసీ వేస్తే చవకలో పోతుందని మా బామ్మర్ది చెప్పాడు. మా బామ్మర్దికి వెల్డింగ్ పని వచ్చు, కాబట్టి నేను అతని మాట వినలేదు. ఫోన్లో వీడియోలు చూసి అప్పటికే నేను నిపుణుణ్ని. నాకు కావలసింది ఇనుప ప్యానెళ్లు, ఒకదానిలో ఒకటి లాక్ అయ్యేవి. తాండూరు బండల సీమలో పుట్టినవాణ్ని. మాకు నేలకు బండ, అరుగుకు బండ, అటకకు బండ, ఆఖరికి చేను కంచెకు కూడా నిలబెట్టిన బండే. బండలు చూసీ చూసీ నా కళ్లు నున్నటి రేకు కోసం మొహం వాచి ఉన్నాయి.

"రేకు సప్పుడు ఆపనీకి ఇంకో రేకా?" అంది మా ఆమె.

ఇప్పుడు ఆలోచిస్తే, ఈ మొత్తం వ్యవహారంలో ఇంజనీరింగ్ తెలిసిన మాట అదొక్కటే. కానీ నేను ఉపన్యాసం ఎత్తుకున్నాను. పరీక్ష పేపరొకటి తీసి, సాదాగా పట్టుకుంటే ఎలా వాలిపోతుందో, విసనకర్రలా మడతలు పెడితే ఎలా నిటారుగా నిలబడుతుందో చూపించాను. లండన్ రేవుల్లో ఇంజనీరుగా పనిచేసిన హెన్రీ రాబిన్సన్ పామర్ 1829లో ఈ కిటుకుతోనే అలల రేకుకు పేటెంటు పుచ్చుకున్నాడన్నాను. 1837లో ఫ్రాన్సులో సోరెల్ అనే ఆయన ఇనుముకు జింకు పూత పూసే పద్ధతికి పేటెంటు తెచ్చాకే రేకుకు ఆయుష్షు పెరిగిందన్నాను. అమెరికాలో నూట పాతికేళ్ల కిందట, యూరప్ జమీందార్ల మేడల్లో ఉండే సున్నపు పూల పనిని చూసి ముచ్చటపడి, అంత ఖర్చు పెట్టలేని దుకాణాలవాళ్లూ ఇళ్లవాళ్లూ పల్చటి రేకు మీద అచ్చు గుద్ది, తెల్లరంగేసి కప్పుకు కొట్టుకున్నారని కూడా చెప్పాను.

అంతా ఓపిగ్గా విని, "గా పామర్ సారు ఇంట్ల ముసలమ్మ ఉండెనా?" అనడిగి వంటింట్లోకి పోయింది.

వికారాబాద్ పోయాను. దుకాణంలో అడిగారు, ఎన్ని గేజ్ కావాలని. ఎన్ని ఉన్నాయన్నాను. ఇరవై నాలుగు, ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది, ముప్పై. నేను పిసినారిని కాను. "ముప్పయ్యే ఇవ్వండి, మంచిగ మందంగ ఉండాలె" అన్నాను. కుర్చీలో ఉన్నాయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. ఏ పుణ్యాత్ముడో పొద్దున్నే లేచి తన దుకాణం వెతుక్కుంటూ వచ్చాడనుకున్నాడేమో, మారు మాట్లాడకుండా బిల్లు రాశాడు. గేజ్ నంబరు పెరిగే కొద్దీ రేకు పల్చబడుతుందని నాకు తర్వాత తెలిసింది. ఇరవై నాలుగంటే అర మిల్లీమీటరుకు పైమాట. ముప్పై అంటే దాదాపు 0.3 మిల్లీమీటరు. అంటే గట్టిగా తుమ్మితే సొట్ట పడే సరుకు.

ఇక లెక్క. ప్యానెల్ వెడల్పు పదకొండు అంగుళాలు. అర్ర పన్నెండడుగులు, అంటే 144 అంగుళాలు. పదకొండుతో భాగిస్తే పదమూడూ చిల్లర. పద్నాలుగు తెచ్చాను. ప్రతి ప్యానెల్లో ఒక అంగుళం పక్కదాని లాక్ లోపలికి పోతుందని, కప్పేది పది అంగుళాలేనని పద్నాలుగోది ఎక్కించాక అర్థమైంది. ఒక అంచున నాలుగంగుళాల చీకటి సందు మిగిలింది. ఒక్క రేకు కోసం మళ్లీ వికారాబాద్. ఈసారి తక్కువపడితే పరువు పోతుందని ఒకటి కొనాల్సిన చోట పదహారు అదనంగా కలిపి పదిహేడు కొన్నాను. ఈ పదహారే తర్వాత నా కొంప ముంచాయి.

తెలిసిన పనివాళ్లు ముందే కొలిచి, మిగిలే ముక్కను రెండు గోడలకూ సమంగా పంచుతారట. ఈ చివర ఏడంగుళాలు, ఆ చివర ఏడంగుళాలు, నడుమ పదమూడు నిండు ప్యానెళ్లు. చూపుకు పొందికగా ఉంటుంది. నేను ఒక మూల నుంచి మొదలుపెట్టి, రెండో మూలలో దొరికిపోయాను. పైగా మా తాత కట్టించిన గోడలు మూలమట్టం ఎరగవు. చివరి ముక్క దర్వాజ దగ్గర నాలుగంగుళాలు, కిటికీ దగ్గర రెండున్నర. అంగరఖాకు అతుకేసినట్టుంది.

అయినా లాక్ పడేటప్పుడు ఉండే సుఖం గురించి చెప్పకపోతే అన్యాయం. ప్యానెల్‌కు ఒక అంచున గాడి, దాని పక్కనే స్క్రూ కొట్టేందుకు చిన్న పట్టీ ఉంటాయి. రెండో అంచున పెదవిలా వంచిన నాలుక. మొదటిదాని పట్టీకి స్క్రూ బిగించి, రెండోదాని నాలుకను ఆ గాడిలోకి తోసి, అరచేత్తో ఒక్కటిస్తే 'టప్'మని కూచుంటుంది. స్క్రూ దాని చాటుకు పోతుంది. పెండ్లి బంతిలో మోకాలు మీద మోకాలేసి ఇరుక్కుని కూచున్నట్టే. నడుమనున్న పెద్దమనిషి లేవాలంటే ఆ కొస నుంచి ఒక్కొక్కరే లేచి రావాలి. ఈ సంగతి నేనప్పుడు గొప్పగా చెప్పుకున్నాను. వచ్చిన ప్రతివాణ్నీ అర్ర నడుమ నిలబెట్టి, "ఒక్క స్క్రూ కనబడితే ఒట్టు" అనేవాణ్ని. వాళ్లు తల పైకెత్తి, మెడ నొచ్చేదాకా వెతికి, లేదని ఒప్పుకుని, టీ తాగి పోయేవాళ్లు.

సీలింగ్ తన గుణాలు ఒక్కోటీ చూపించసాగింది. రెండు కొసలూ గోడకు ఆనేలా బిర్రుగా బిగించాను కదా. పదడుగుల ఇనుప రేకు ముప్పై డిగ్రీల వేడి తేడాకు సుమారు మిల్లీమీటరు సాగుతుంది. చివర సందు వదిలి బీడింగ్‌తో కప్పాలట. నేను వదల్లేదు. మధ్యాహ్నం రేకులు పొట్టలు ఉబ్బించేవి, పొద్దుగూకాక 'టక్కు... టక్కు'మంటూ లోపలికి తీసుకునేవి. ఎవరో దర్వాజ కొడుతున్నారని అమ్మ రోజూ "ఎవరొచ్చిండ్రు, కూసోమను" అనేది. చలికాలం ఇంకో సరదా. బీదర్ వైపు రైల్లో పోతే మర్పల్లి తర్వాత వచ్చేది కోహీర్. డిసెంబరులో చలి వార్తల్లో తరచూ వినబడే పేరే. ఆ చలి మాకూ వాటా వస్తుంది. తెల్లారుజామున అన్నం ఉడికే ఆవిరి లేచి చల్లటి రేకుకు తగిలి బొట్లు కట్టి, పేపరు చదువుకునే నా నడినెత్తిన పడేది. వాన లేకుండా కురిసే ఇల్లు మా ఊళ్లో మాదొక్కటే. ఇక రెండు రేకుల మధ్య ఎలుకలు చేరాయి. నాడాలు కొట్టిన గుర్రం పరుగెత్తినట్టుండేది ఒక్కొక్క ఎలుక. వాన చప్పుడు తగ్గిందా అంటారా? పై రేకు డప్పు, కింది రేకు కంజీర.

మిగిలిన పదహారు అటక మీద కూచుని నన్ను చూస్తున్నాయి. వాటిని వాపసు ఇవ్వడమంటే లెక్క తప్పానని ఒప్పుకోవడం. కనుక పెచ్చులూడుతున్న పడమటి గోడకు కొడతానన్నాను. నిలువు ప్యానెళ్లు, పన్నెండడుగుల గోడ, పదిహేను సరిగ్గా సరిపోతాయి. చూశారా, ఈసారి లెక్క వచ్చింది.

బామ్మర్ది సాయానికొచ్చాడు. డ్రిల్లు మోతలో అమ్మ రెండు మూడుసార్లు ఏదో అంది. "గూడు... గూట్ల..." అని వినబడింది. పాత గోడల్లో గూళ్లుంటాయని నాకు తెలియదా? "నువ్వు ఊకో అమ్మా, అన్నీ మూసుకపోతయ్" అన్నాను. అన్నట్టే మూసుకుపోయాయి. తొమ్మిదో ప్యానెల్ మీద టీవీ బిగించాను. పదకొండోదానికి బొక్క చేసి స్విచ్ బోర్డు తెచ్చాను. చివరి అంచుకు సిలికాన్ పూశాను. ఆ సాయంత్రం సామాను సర్దుతుంటే నా స్టీలు టేపు కనబడలేదు. పదిహేనేళ్ల టేపు. బామ్మర్ది సంచి వైపు ఒకసారి చూశాను. అతను నా చూపు చూశాడు. ఆ తర్వాత ఏడాది మా ఇంట్లో కాలు పెట్టలేదు.

ఏడాది తిరిగాక పంట రుణం తిరగరాయడానికి పట్టాదారు పాసుపుస్తకం కావలసి వచ్చింది. 2018లో ఇచ్చిన కొత్త పుస్తకం. బీరువా తీశాం, సందుక తిరగేశాం, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి చూశాం. మా ఆమెను నేనూ, నన్ను మా ఆమే క్రాస్ ఎగ్జామిన్ చేసుకున్నాం. పొద్దు గూకింది. సీలింగ్ టక్కుమంది. "ఎవరొచ్చిండ్రు?" అంది అమ్మ. ఎవరూ రాలేదు, పాసుబుక్కు దొరకట్లేదన్నాను.

"గూట్లనే ఉన్నది గద బిడ్డా."

"ఏ గూట్ల?"

"నేను పెట్టిన గూట్ల. నువ్వే గద రేకు కొట్టినవు. అన్నీ మూసుకపోతయ్ అంటివి, మంచిగనే పెట్టిండు అనుకున్న."

గూడు నాలుగో, ఐదో ప్యానెళ్ల వెనకాల ఉండాలని లెక్క తేల్చాను. పద్ధతిగా తీయాలంటే పదిహేను నుంచి వెనక్కి రావాలి. సిలికాన్ గీకాలి, కరెంటు ఆపి బోర్డు ఊడదీయాలి, టీవీ దింపాలి. అంటే పన్నెండు ప్యానెళ్లు ఊడితే ఒక పాసుబుక్కు. బయటికి కనిపించే ఒకే ఒక్క స్క్రూ ఉన్నా దాని కాళ్లు మొక్కేవాణ్ని. ఎక్కడా లేదు. ఉండకుండా నేనే చూసుకున్నాను.

మా ఆమె తమ్ముడికి ఫోను చేసింది. నేను చేయలేదు, అంత మొహం లేదు. రేకు కత్తెర పట్టుకుని వచ్చాడు. ఎక్కడ కోయాలో నేను గోడ మీద పెన్సిల్‌తో గీశాను. కప్పు నుంచి ఇంత, మూల నుంచి ఇంత. ముప్పై గేజ్ రేకు మొదటిసారి అక్కరకొచ్చింది. అప్పడంలా తెగింది. వెనకాల గూడు లేదు. మట్టి గోడ ఉంది.

అమ్మ లేచింది. తన మంచం ఇదివరకు ఉండే చోట కింద కూచుని, కళ్లు మూసుకుని, యాభై ఏళ్లుగా చాపినట్టే కుడిచెయ్యి గోడ మీదికి చాపింది. చెయ్యి రేకుకు ఆనింది. "ఈడ" అంది. నా గీతకు జానెడు అవతల.

ఈసారి గూడు దొరికింది. బామ్మర్ది టార్చి పట్టుకున్నాడు. ప్లాస్టిక్ కవర్లో పాసుపుస్తకం, పక్కన అమ్మ వక్కాకు సంచి, ఎండిపోయిన దీపపు ప్రమిద. ఆ ప్రమిద పక్కన, దుమ్ము కూడా పట్టకుండా, నా స్టీలు టేపు. నేను చెయ్యి పెట్టేలోగా అతనే తీశాడు. ఏమీ అనలేదు. టేపు సర్రున లాగి, నేను తప్పు కోసిన బొక్కకూ గూటికీ మధ్య దూరం కొలిచాడు.

"తొమ్మిదంగుళాలు, బావా" అన్నాడు.

మా ఆమె అతనికి రెండుసార్లు టీ పోసింది. నాకు పోయలేదు.

కోసిన ముక్కకు మడత బందులు వేయించి గూటికి తలుపు చేశాను. తప్పు బొక్క మీద క్యాలెండరు వేలాడుతోంది. వచ్చినవాళ్లు గూటి తలుపు చూసి, లోపల లాకరుందా సారూ అని గొంతు తగ్గించి అడుగుతున్నారు. అవునూ కాదూ అనకుండా నవ్వుతున్నాను. తలుపుకు మాత్రం నాలుగు స్క్రూలు, బయటికి, దూరం నుంచి చూసినా కనిపించేలా కొట్టించాను.

మొన్న రాత్రి భోజనాలయ్యాక అమ్మ వక్కాకు నములుతూ గోడ వైపు చూసి అంది, "ఇంకో గూడు గూడ ఉండె గద బిడ్డా."

ఎక్కడన్నాను. వేలు టీవీ వైపు చూపించింది.

"దాంట్ల ఏం పెట్టినవు?"

"ఏమో, సూస్తెగాని యాదికి రాదు."