బేరింగు మొత్తుకుంటుంటె ఫోను జూస్తవేందిరా!

మా జమానాల మిషను ఆగితె మిషను దిక్కు ఉరికేటోళ్లం. గిప్పటి పిల్లలు ఫోను దిక్కు ఉరుకుతున్నరు. ఫోన్ల టికెటు తియ్యాలెనట, దానికో నంబరు రావాలెనట, నంబరు వచ్చినంక ఏం ఆగింది, ఎందుకాగింది, ఏం చేసినవ్ అని మూడు గడులు నింపాలెనట. గడులు నిండేదాంక మిషను ఆగే ఉంటది. దాని కోసం ఉస్మాన్‌గంజ్ల లారీ ఆగి ఉంటది, లారీ ఎనుక ఇంకో లారీ, దాని ఎనుక ఆటో, ఆటోల కూసున్న అవ్వ నోట్ల తిట్లు. ఆ తిట్లు ఏ గడిల రాస్తవ్ బిడ్డా?

నేను గంజ్ పక్క గల్లీల ఓ మిల్లు ఫిట్టరుగ బతుకు ఎల్లదీసినోణ్ణి. మిర్చి, పసుపు పట్టే మిల్లు. నీకు ఉస్మాన్‌గంజ్ అంటె మ్యాపుల ఎర్రగ కనిపించే రోడ్డు. మాకు అన్నం పెట్టిన జాగ. పొద్దుగాల హమాలీల కేకలతోనే లేస్తుండె. బేరింగు కావాల్నంటె రాణీగంజ్, వైరు కావాల్నంటె ట్రూప్ బజార్, సైకిల్ మీద పోయి తెస్తుంటి. వచ్చేటప్పుడు మోజంజాహీ మార్కెట్ల ఆగి ఐస్‌క్రీం తినుడు గూడ డ్యూటీ కిందికే వస్తుండె. గిప్పుడు ఆన్‌లైన్ల నొక్కితె సామాను ఇంటికొస్తదట. ఐస్‌క్రీం గూడ ఇంటికే వస్తదని మనుమడంటడు. ఆ మార్కెటు గచ్చు మీద నిలబడి తిననిది ఐస్‌క్రీమేందిరా?

ఏడ ఉన్న? ఆఁ, మిషను. మా ఉస్తాద్ పెద్దగ చదువుకోలె. పేచ్‌కస్ మొన బేరింగు మీద ఆనించి, పిడి చెవికి పెట్టి కండ్లు మూసుకుంటుండె. సన్నగ ఈల ఇనిపిస్తె గ్రీజు ఎండింది, గరగర ఇనిపిస్తె గుండు పగిలింది. నూనెను రెండు ఏళ్ల నడుమ రుద్ది, ఇసుక తగిలితె సీలు పోయిందంటుండె. మోటరు వేడి జూడాల్నంటె అరచెయ్యి పెట్టకురా, చెయ్యి ఎనుక దిక్కు పెట్టు అంటుండె. కరెంటు కొడితె ఏళ్లు లోపలికి ముడుసుకుంటయి, అరచెయ్యైతె దాన్నే పట్టుకుంటది, ఎనుక దిక్కైతె ఊడొస్తది. నాకు అది నేర్పింది ఏ వీడియో గాదు, ఆయన మొట్టికాయ.

పోయిన బేరింగును పారెయ్యనిస్తుండెనా? ముడితె ఊకోడు. దాన్ని కోసి జూస్తుండె. నీలం తిరిగితె వేడికి పోయింది. గుండ్ల నడుమ ఎంత ఎడం ఉన్నదో అంతే ఎడంల గుంటలు పడితె, ఎవడో సుత్తెతోని కొట్టి ఎక్కిచ్చిండు. గుండ్ల జాడ వంకరగ నడిస్తె బేరింగు సీదగ కూసోలె. పోస్ట్‌మార్టం చేసే డాక్టరైనా అంత ఓపికతోని జూస్తడో లేదో. అన్నీ జూసినంక గూడ దొరకకపోతె, అంటె మూడోపాలి గూడ పోతె, నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి మోటరుకు కడుతుండె. మిర్చి మిల్లుకు మిరపకాయల దిష్టేంది ఉస్తాద్ అని అడిగే ధైర్యం మాకెవ్వరికీ లేకుండె.

ఆ జమానాల చేసినవి నిలబడుతుండె. గంజ్ నుంచి నాలుగడుగులేస్తె గౌలిగూడ. అక్కడ నిజాం కాలం మిసిసిపీ హ్యాంగర్ ఉంటుండె, విమానాల కోసం కట్టిన ఇనుప గుమ్మటం. 1932ల నిజాం రైల్వే 27 బస్సులతోని సర్వీసు సురువు చేసింది. ఆ గుమ్మటం బస్సుల అడ్డా అయింది, ఎన్నో తరాలు దాని కిందనే బస్సెక్కినయి. 2018 జులై 5న అది కూలింది. ప్రమాదమున్నదని ముందే పసిగట్టి ఖాళీ చేయించిన్రు గనుక ప్రాణాలు పోలె. ఎనభై ఏండ్లు దాటి నిలబడ్డ ఇనుము అది. నీ ఫోను రెండేండ్లు నిలబడుతదా? ఆఁ, ఇనుముకు తుప్పు పడుతదని నాకూ ఎరుకే, నడుమల మాట్లాడకు.

మా పెద్దబిడ్డ కొడుకు హైటెక్ సిటీ దిక్కు గీ ఫోన్ల టికెట్లు తీసే మెయింటెనెన్స్ సాఫ్ట్‌వేర్ కంపెనీలనే పనిచేస్తడు. ఇంటికొస్తె నాకు క్లాసు పీకుతడు. ఒకపాలి మిషను చెడిపోయినప్పటి నుంచి మల్లా చెడేదాంక సగటున ఎంత టైము నడుస్తదో దాన్ని ఎంటీబీఎఫ్ అంటరట. అది తగ్గుతుంటె ఏదో కారణం దాక్కున్నదన్నట్టు. టయోటాల తైయిచి ఓనో అనే ఆయన, ఆగిన మిషను ముంగట నిలబడి ఐదుసార్లు ఎందుకని అడుగుమన్నడట. ఫ్యూజు ఎందుకు పోయింది? లోడు ఎక్కువైంది. ఎందుకైంది? బేరింగుకు నూనె అందలె. ఎందుకు అందలె? పంపు సక్కగ గుంజుతలేదు. ఎందుకు? పంపు షాఫ్టు అరిగింది. ఎందుకు అరిగింది? జల్లెడ లేక ఇనుప రజను లోపలికి పోయింది. ఫ్యూజు మార్చి ఇంటికి పోతె రేపు మల్లా అదే ఫ్యూజు పోతది. ఇగో, గిది మా ఉస్తాద్ చేసిందే గద! ఆయన ఇంగ్లీషుల పుస్తకం రాయలె, అంతే తేడా.

మనుమడు ఇంకో ముచ్చట గూడ చెప్పిండు, అది ఇన్నంక నాకు పానం లేసొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంల ఇంగ్లండు వైమానిక దళానికి వాడింగ్టన్ అనే సైంటిస్టు లెక్కలు జూసిండట. 50 గంటలు ఎగిరినంక విమానాన్ని విప్పి సర్వీసింగ్ చేస్తుండె. ఆ సర్వీసింగ్ కాంగనే రిపేర్లు తగ్గాలె గద? ఎక్కువైతుండె! 1978ల అమెరికాల నోలన్, హీప్ అని ఇద్దరు విమానాల సామాను లెక్క తీస్తె, వయసు మీదపడి చెడేటివి నూటికి 11 పాళ్లేనట. నడిచే మిషన్ని గెలుకకురా అని మా ఉస్తాద్ మొత్తుకుంటుండె, ఇనేటోడు లేకుండె. వయసు మీదపడ్డ అన్నిటిని పక్కకు నూకొద్దని గూడ అందుల ఉన్నట్టే గద. మా ఇంట్ల ఎవ్వరికీ ఆ లెక్క పడుతలేదు.

ఇగ మా మిల్లు కత ఇను. ఈ నడుమ అండ్ల ఒక మోటరు బేరింగు ఊకూకె పోతుంది. పిల్లగాడు ఫోన్ల గడి తెరిచిండు. కారణం కాడ బారెడు లిస్టు ఉంటది, వాడు పైన కనిపించింది నొక్కిండు: గ్రీజు తక్కువ. రాత్రి షిఫ్టోడూ అదే నొక్కిండు. ఇంకొకడు "ఇతరములు" నొక్కి పండుకున్నడు. కంప్యూటరు రంగురంగుల బొమ్మ గీసి, గ్రీజు తక్కువైతుందని తీర్పు చెప్పింది. వీళ్లు గ్రీజు కుక్కిన్రు. గ్రీజు మోతాదు మించితె బేరింగు దాన్నే చిలికి చిలికి ఇంక వేడెక్కుతది. ముందటికన్న జల్ది పోయింది.

సేట్ కబురు పంపితె పోయిన. పోయేది ఎప్పుడూ పుల్లీ దిక్కు బేరింగే, రెండోది బంగారం లెక్క ఉన్నది. ఎందుకు? బెల్టులు బిర్రుగ గుంజిన్రు. ఎందుకు గుంజిన్రు? జారుతున్నయని. ఎందుకు జారుతున్నయి? నాలుగు వీ బెల్టులల్ల ఒకటి కొత్తది, మూడు సాగినయి. లోడంత కొత్తదాని మీదనే. ఎందుకట్ల? తెగినప్పుడల్లా ఒక్కటే కొంటున్నరు. ఎందుకు ఒక్కటే? సేట్‌కు నాలుగింటికి పైసలు పెట్టుడంటె పానం పోతది. ఐదు ఎందుకులు అయిపోయినయి, లెక్క కుదిరింది.

ఈ మాట నేను నౌకరీల ఉన్నప్పుడు గూడ చెప్పిన, సేట్ ముసలోని చాదస్తం అన్నడు. అప్పుడు నేను ముసలోణ్ణి గూడ కాదు. ఇప్పుడు మనుమడు అదే సాఫ్ట్‌వేర్ల నుంచి కొన్న బిల్లులు తీసి తెర మీద పెట్టిండు. ఒంటి బెల్టు కొన్నప్పుడల్లా, ఎనుకనే బేరింగు బిల్లు. సేట్ గీతలు జూసి నోరు మూసిండు. ఆ గీతకున్న ఇజ్జత్ నాకు లేకపాయె. కారణాల లిస్టుల "సేట్ పిసినారితనం" అని ఒక గడి పెట్టురా అంటె, "ప్రొక్యూర్‌మెంట్ పాలసీ అని పెడ్త తాతా" అన్నడు మనుమడు. బతకనేర్చినోడు.

మా ఉస్తాద్ కాడ గూడ లెక్క పుస్తకం ఉండె, ఎర్ర బట్ట అట్టది. ఏ బేరింగు ఎప్పుడు పోయిందో అన్నీ రాసి పెట్టిండు, ఉర్దూల, ఆయనకు తప్ప ఎవ్వరికీ అర్థంగాని రాతల. ఆయన పోయినంక సగం చెదలు తిన్నయి, తక్కిన సగంల మిర్చి పొట్లాలు కట్టిన్రు. కంప్యూటరుకు చెదలు పట్టవని మనుమడంటడు. సరే, ఆ ఒక్క మాటకు ఎదురు చెప్ప. గని చెవి లేనోడు నొక్కిన అబద్ధం గూడ చెదలు పట్టకుండ పదిలంగ ఉంటది గద బిడ్డా?

అందుకే చెప్తున్న, ఇను. రాసుకో, వద్దన్లే. ముందుగాల మిషను కాడికి పో, కరెంటు బందు చేసి చెయ్యి పెట్టు, పోయిన బేరింగు కోసి జూడు, అప్పుడు గడి నింపు. తెలువకపోతె తెలువదని రాయి, "ఇతరములు" నొక్కకు. ఇగ బెల్టు కొంటె ఒక్కటి కొనకు, సెట్టు కొను.